కాస్త బిగుతు, అంతే

డిసెంబర్ 4

ఎలాడియోకి ఎడమ చెయ్యి పనిచేస్తోంది. నాకు కుడి చెయ్యి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

ఇవాళ పొద్దున ఊరగాయ దోసకాయల సీసా మూత తియ్యడానికి ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. నేను సీసా పట్టుకున్నాను, అతను మూత తిప్పాడు. సీసా జారి నేలమీద పడి భళ్ళుమంది. ఎలాడియో గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే కుట్లు లాగుతాయి. "అబ్బా, నవ్వించకురా!" అని నన్ను తిడతాడేమిటి, నేనేం చేశాను?

ఒకే రోజు, ఒకే డాక్టరు, ఒకే ఆపరేషన్. అతనికి కుడి భుజం, నాకు ఎడమ భుజం. మా బేస్‌బాల్ క్లబ్బు వాళ్ళు మా ఇద్దరినీ ఈ ఫ్లోరిడా ఎండలో ఒకే వాటాలో పడేశారు. బాగయ్యేదాకా ఇక్కడే. అతనికి ఇరవై మూడు. నాకు ఇరవై తొమ్మిది. నన్ను "సుర్దో" అంటాడు. వాళ్ళ భాషలో ఎడమచేతివాడు అని. డొమినికన్ పిల్లలందరూ అలాగే అంటారట, అందులో తిట్టేమీ లేదట. నాకు నమ్మకం లేదు.

రాసేది మాత్రం నేను కుడిచేత్తోనే. ఆ మాట చెబితే ఎలాడియో నమ్మలేదు. విసరడం ఒక్కటే ఎడమచేత్తో. మా ఇంట్లో ఉన్న, బంతి పట్టే ఒకే ఒక్క గ్లవ్ లొరీన్ అత్తది. ఆవిడ ఎడమచేతి మనిషి. ఆ గ్లవ్ కుడిచేతికే ఎక్కుతుంది కాబట్టి విసరడానికి నాకు ఎడమ చెయ్యే మిగిలింది. అప్పటికి నాకు పదిహేనేళ్ళు.

డిసెంబర్ 7

నొప్పి లేదు. కాస్త బిగుతు, అంతే.

డిసెంబర్ 15

మార్వా క్విలెన్ ఇక్కడి ఫిజియో. యాభై అయిదేళ్ళుంటాయి. వేళ్ళు వడ్రంగి పట్టకారులా ఉంటాయి. పాతికేళ్ళుగా బంతి విసిరే పిచర్ల భుజాలు పిసుకుతూనే ఉందట. ఇవాళ మా ఇద్దరినీ పక్కపక్క బల్లల మీద పడుకోబెట్టి, మోచేతులు మడిపించి, చేతులు ఎంతవరకు వెనక్కి వాలుతాయో కొలిచింది.

ఎలాడియో చెయ్యి బాగా వెనక్కి వెళ్ళింది. ఆపరేషన్ అయిన చెయ్యే! నాది మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వు బంతి పట్టింది ఎన్నో ఏట?" అని ఎలాడియోని అడిగింది.

"బంతా? నిమ్మకాయలు విసిరేవాణ్ణి, దోన్యా. సీసా మూతలు కూడా. అయిదేళ్ళప్పుడు అనుకుంటా. మా అమ్మనడిగితే కడుపులోనే విసిరానంటుంది." మార్వాని దోన్యా అనే పిలుస్తాడు, అమ్మగారు అని.

"నువ్వు?" అంది నావైపు తిరిగి.

"పదిహేను."

ఆవిడ తలూపింది. ఫలహారంలో మిగిలిన సాసరు మీద నారింజపండు పెట్టి చూపించింది. భుజమంటే ఇంతేనట. లోతులేని పళ్ళెం మీద గుండ్రటి ఎముక. మా ఇద్దరికీ చిరిగింది ఆ పళ్ళెం చుట్టూ ఉండే మెత్తటి అంచు. చిన్నప్పటి నుంచి విసిరేవాళ్ళకి, ఎముక ఎదిగే వయసులోనే చేతి ఎముక కాస్త వెనక్కి మెలితిరిగి స్థిరపడుతుందట. ఆ మెలికే తర్వాత చేతిని కాపాడుతుంది. నాకది లేదు. కుడిచేతి పిచర్లలో అది ఎక్కువ కనపడుతుందట, ఎడమచేతివాళ్ళలో తక్కువట. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదంది. ఎముక తిరగాల్సినంత తిరగకపోతే ఆ పనంతా నరాలూ కండలూ మొయ్యాలి.

"అంటే సుర్దోది పొలం పనుల భుజం, నాది పిచర్ భుజం," అన్నాడు ఎలాడియో.

"నీదీ చిరిగింది కదా నాయనా. ఎక్కువ మాట్లాడితే ఇంకా వెనక్కి వంచుతాను," అంది ఆవిడ.

నారింజపండు ఎలాడియో తినేశాడు.

డిసెంబర్ 29

ఇంటి నుంచి నా భార్య కోరిన్ ఫోన్ చేసింది. ఇండియానాలో మంచు మోకాలిదాకా పడిందట. ఆమె పనిచేసే పశువుల ఆసుపత్రికి ఇవాళ ఎవరో రెండు గాడిదల్ని తెచ్చారట.

"నీ భుజం ఎలా ఉంది?"

"బాగుంది. కాస్త బిగుతు."

"మా దగ్గర గుర్రానికి కాలు పోతే ఏం చేస్తామో తెలుసుగా?"

"నన్ను చంపే ముందు ఒకసారి చెప్పు."

"చూస్తాలే. ఇంకొన్నాళ్ళు మేత వేస్తాం," అంది.

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకున్నాను.

జనవరి 6

చేతి పట్టీ తీసేశారు. చెయ్యి కిందికి వేలాడింది. ఎవరిదో చెయ్యిలా.

జనవరి 20

కొత్త వ్యాయామం. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, రబ్బరు తాడు పట్టుకుని, విసురుతున్నట్టు మెల్లగా చెయ్యి ఎత్తి దించాలి. నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఎదురుగా అతను కుడి చెయ్యి ఎత్తుతాడు. సరిగ్గా అద్దమే.

"మా ఇంట్లో అద్దం దీనికంటే బాగుండేది," అన్నాడు ఎలాడియో. "అందులో ఉన్నవాడికి జుట్టు కూడా ఉండేది."

మధ్యాహ్నం పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, నలిపి, పైన ఉల్లిపాయలు, వేయించిన జున్ను వేసి పెట్టాడు. నలపడం నా పని. వంగి గిన్నె మీద పెత్తనం చెయ్యడం అతని పని. నేను ఇలాంటి తిండి ఎప్పుడూ తినలేదు. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఇక్కడ బాగానే ఉంది. నిజంగా బాగుంది. పొద్దున్నే లేవగానే ఎండ, అరటికాయలు, పెరట్లో కొంగలు. మంచి చోటే దొరికింది.

ఫిబ్రవరి 13

బిగుతు.

ఏప్రిల్ 2

ఇవాళ బంతి విసిరాను!

పది గజాల దూరమే. అయినా ఎంత సంతోషమో చెప్పలేను. నాలుగు నెలల తర్వాత చేతిలోకి బంతి తీసుకుంటే, దాని కుట్ల మీద వేళ్ళు వాటంతటవే వెళ్ళి కూర్చున్నాయి. ఎలాడియో గ్లవ్‌లో పడ్డప్పుడు ఆ చప్పుడు... అంతే, ఇంకేం కావాలి.

మార్వా మధ్యలో నిలబడి అడిగింది. "సున్నా నుంచి పది దాకా. ఎంత నొప్పి?"

"నాలుగు," అన్నాడు ఎలాడియో. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు.

"రెండు," అన్నాను నేను.

"సరే," అని రాసుకుంది.

వాడు నాలుగు అన్నందుకు వాడి దూరం తగ్గించారు. నన్ను ఇంకో మూడు గజాలు వెనక్కి పంపారు.

ఏప్రిల్ 3

కుడివైపు తిరిగి పడుకున్నాను. ఎడమవైపు పడుకుంటే బిగుతు ఎక్కువగా ఉంది. అలవాటు లేకపోవడం వల్లే.

ఏప్రిల్ 19

రెండు.

ఏప్రిల్ 25

రెండు. ఎలాడియో "ఒకటి" అన్నాడు. అతను మొదట నాకంటే వెనకపడి, ఇప్పుడు ముందుకి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడి చెయ్యి వెనక్కి వాలడం చూస్తుంటే ముచ్చటేస్తుంది. అసూయ కాదు. ముచ్చటే.

మే 12

గొడవైంది.

దూరం బంతులు విసురుతున్నాం. ఎలాడియో మధ్యలో ఆపేసి బంతి నేలమీద పెట్టి నా దగ్గరికి నడిచొచ్చాడు.

"నీ మోచెయ్యి కిందికి పడిపోతోంది."

"లేదే."

"నువ్వు నాకు అద్దం లాంటోడివిరా సుర్దో. నాది ఇక్కడిదాకా లేస్తుంది. నీది ఇక్కడే చచ్చిపోతోంది. ఎందుకు?"

"నా పద్ధతి అంతే."

"నీ పద్ధతి నేను పోయిన ఏడాది టీవీలో చూశాను. ఇది నీ పద్ధతి కాదు. ఇంకోటి చెప్పనా? దోన్యా అడిగినప్పుడు 'రెండు' అనే ముందు నువ్వు ఓసారి ఊపిరి బిగబడతావు."

"నీ పని నువ్వు చూసుకో."

"నువ్వు పోతే నాకు బంతి విసిరేవాడెవడు? అందుకని అడుగుతున్నా. నీమీద ప్రేమతో అనుకునేవు."

నేనూ ఏదో అన్నాను. వాడి వయసు గురించి, వాడికి తెలియని వాటి గురించి. రాయడానికి బాగోదు. అన్నిటికంటే కోపం తెప్పించింది ఏమిటంటే, వాడు ఎదురు చెప్పలేదు. టోపీ సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

మే 13

మాట్లాడుకోవడం లేదు. పొద్దున లేచేసరికి నా కప్పులో కాఫీ పోసి ఉంది. చక్కెర రెండు చెంచాలు వేశాడు. నేను చక్కెర వేసుకోను. తాగేశాను.

మే 14

నేనే వెళ్ళి సారీ చెప్పాను. "దేనికి?" అన్నాడు. "చక్కెర గురించి నువ్వు చెప్పాలి సారీ," అన్నాను. అయిపోయింది.

మే 30

మొదటిసారి పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద నుంచి విసిరాను. ఎదురుగా బంతి పట్టే క్యాచర్ కూర్చున్నాడు, వెనక స్పీడు గన్ పట్టుకుని కోచ్ ఓల్‌షెస్కీ. ఆపరేషన్‌కి ముందు నా వేగం గంటకి తొంభై రెండు మైళ్ళు.

ఎనభై మూడు.

ఎదురుగాలి ఉంది. ఆ గన్ పాతది. క్యాచర్ మరీ కిందికి పెట్టాడు గ్లవ్. ఇంకా మొదటి రోజే. ఎలాడియోకి నిన్న తొంభై నాలుగు వచ్చింది, కానీ నిన్న గాలి లేదు.

"ఎంత?" అంది మార్వా.

"రెండు."

ఆవిడ ఇవాళ రాసుకోలేదు. నా మొహం కేసి చూసి కలం జేబులో పెట్టుకుంది.

జూన్ 8

కోరిన్ వచ్చింది! సెలవు పెట్టి, ఒక్కతే రెండు రోజులు కారు నడుపుకుంటూ. వస్తూనే ఎలాడియోని కావలించుకుంది. "మా ఆయనకి తిండి పెడుతున్నది నువ్వేనా?" అంది. వాడు ఎర్రబడిపోయాడు. సాయంత్రం రొయ్యలు ఉడకబెట్టుకుని, పాత పేపర్లు పరిచి, వరండాలో కూర్చుని వేళ్ళతో ఒలుచుకుని తిన్నాం. వాళ్ళిద్దరూ కలిసి నన్ను ఏడిపించడం మొదలుపెట్టారు. వాడు నా జుట్టు మీద, ఆమె నా గురక మీద. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళైందో.

తిన్నాక పై అరలోంచి పళ్ళాలు తీసి ఇచ్చాను. కోరిన్ చూస్తోంది.

"ఏమిటి?"

"ఏం లేదు. మా దగ్గరికి కుక్కలు వస్తాయి కదా. అవి నొప్పి ఉందని చెప్పవు. అందుకని నాకు చూడటం అలవాటైపోయింది."

"నేను కుక్కని కాదు."

"కాదులే. కుక్కలు అబద్ధమాడవు," అంది, నా చేతిలోంచి పళ్ళెం అందుకుంటూ.

పళ్ళాలు నేను కుడిచేత్తో తీశాను. కుడిచేత్తో తీస్తే ఏమైంది? అందరూ తీస్తారు.

జూన్ 9

ఇవాళ ముగ్గురం ఉప్పునీటి కయ్యకి వెళ్ళాం. గాలి లేదు, నీళ్ళు నేలలా ఉన్నాయి. ఒడ్డంతా ఆల్చిప్పలు. కోరిన్ ఒక పలచటి చిప్ప ఏరి నీళ్ళ మీద విసిరింది. మూడు గెంతులు వేసి మునిగింది. ఎలాడియో విసిరాడు. మునిగింది. వాడికి ఇదేం ఆటో అర్థం కాలేదు. మా ఊరి వాగులో నేను చిన్నప్పుడు ఇదే పనిగా పెట్టుకునేవాణ్ణి. కానీ కుడిచేత్తో. ఇవాళ ఆలోచించకుండా ఎడమ చేతిలోకి తీసుకున్నాను. కొంచెం వంగి, చెయ్యి నడుము దగ్గర్నుంచి పక్కగా తిప్పి వదిలాను.

చిప్ప ఎగురుకుంటూ పోయింది. లెక్కపెట్టలేనన్ని గెంతులు. అవతల కూర్చున్న కొంగ లేచిపోయింది.

ఇంకోటి విసిరాను. ఇంకోటి. చేతినిండా చిప్పలు ఏరుకుని అన్నీ విసిరేశాను. కోరిన్ చప్పట్లు కొట్టింది. ఎలాడియో మాత్రం నా భుజం వంకే చూస్తున్నాడు.

"ఏరా?"

"ఊపిరి బిగబట్టలేదు నువ్వు," అన్నాడు.

జూన్ 10

పడుకోబోతూ ఆలోచించాను. నిన్న అన్ని చిప్పలు విసిరితే ఏమీ అనిపించలేదు. బిగుతు కూడా లేదు. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

మరయితే ఇన్నాళ్ళూ ఉన్నది...

జూన్ 11

కోరిన్‌ని పంపించి నేరుగా మార్వా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"రెండు కాదు," అన్నాను.

"ఊఁ."

"ఏడు. విసిరిన మర్నాడు ఎనిమిది."

"ఎప్పటి నుంచి?"

"ఏప్రిల్." ఆవిడ మడత పెడుతూనే ఉంది. "అంతకుముందు నుంచే. మొదటి నుంచీ."

తిడుతుందనుకున్నాను. తువ్వాలు పక్కన పెట్టి, బల్లమీద పడుకోమంది. చెయ్యి అన్ని దిక్కులా తిప్పి చూసింది. వేసిన కుట్టు నిలిచే ఉందంది. అంచు మళ్ళీ చిరగలేదు. కానీ పైనుంచి విసిరితే, నా ఎముక తిరగనంత దూరం చెయ్యి వెనక్కి వెళ్ళాలి. అక్కడ నలుగుతోంది. ఎన్ని వ్యాయామాలు చేసినా ఎముకని పదేళ్ళ పిల్లాడి ఎముకగా మార్చలేం.

ఆల్చిప్పల సంగతి చెప్పాను. నవ్వింది. "అదీ భుజమే కదా బాబూ. పక్కనుంచి విసిరితే దారి వేరు, అంతే. నేను మాట ఇవ్వను. రెండు వారాలు బంతి ముట్టుకోకు. తర్వాత చూద్దాం."

వెళ్ళబోతుంటే పిలిచింది.

"అందరూ రెండే అంటారు, హార్లన్. పాతికేళ్ళుగా వింటున్నాను. ఈ ఊళ్ళో 'నాలుగు' అన్న పిచర్‌ని ఒక్కణ్ణే చూశాను. వాడు నీతోనే ఉంటున్నాడు."

జూన్ 28

రెండు వారాలు అయ్యాయి. పక్కచేతి విసురు మొదలుపెట్టాను.

మొదటి బంతి క్యాచర్‌ని దాటి కంచెకి తగిలింది. రెండోది నీళ్ళ డబ్బాకి. మూడోది ఎలాడియో వైపు వెళ్ళింది. వాడు బెంచీ కింద దూరి అక్కడి నుంచే అరిచాడు: "దేవుడా! నాకు పెళ్ళి కూడా కాలేదు!"

ఓల్‌షెస్కీకి నచ్చలేదు. "ఏమోయ్, అది పెరట్లో పిల్లలు విసిరేది," అన్నాడు. నాకూ సిగ్గేసింది. పద్నాలుగేళ్ళు చెయ్యి పైకెత్తి విసిరినవాణ్ణి, ఇప్పుడు బట్టలు ఆరేసేవాడిలా పక్కకి ఒరుగుతున్నాను. వేగం ఎనభై ఒకటి. కానీ చివర్లో ఒక బంతి ఎలా తిరిగిందంటే, క్యాచర్ గ్లవ్ ఒకచోట పెడితే బంతి మూరెడు అవతలికి పోయింది. వాడు లేచి ముసుగు తీసి, "అదెలా వేశావ్?" అన్నాడు.

నాకూ తెలియదు.

"ఎంత?" అంది మార్వా.

"ఒకటి," అన్నాను. ఆలోచించి, "ఒకటిన్నర," అన్నాను.

రాసుకుంది.

జూలై 10

క్లబ్బు నన్ను వదిలేసింది.

ఆఫీసులో ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన నాకు తెలుసు, ఇంకొకాయన తెలియదు. తెలిసినాయన నా వంక చూడలేదు. తెలియనాయన మాత్రం మర్యాదగా మాట్లాడాడు. ఇన్నేళ్ళు మాతో ఉన్నందుకు థాంక్స్, నీ స్వభావం మాకు చాలా ఇష్టం, కానీ ఎనభై ఒకటి అంటే... అని చేతులు విప్పాడు. నేను కూడా చేతులు విప్పాను. ఇంకేం చెయ్యాలో తెలియక. అందరం కరచాలనం చేసుకున్నాం.

బయటికి వచ్చి ఎదురుగా ఉన్న హోటల్లో పాన్‌కేకులు తెప్పించుకున్నాను. ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. పైన వెన్న కరిగింది, సిరప్ పోసుకున్నాను, అన్నీ తినేశాను. రావలసినప్పుడు వస్తుందిలే అనుకున్నాను.

ఎలాడియోకి అదే రోజు కబురొచ్చింది. పై జట్టుకి పంపిస్తున్నారు. రాత్రికే బస్సు. వాడు నాకు చెప్పడానికి మొహమాటపడి పెరట్లో తిరుగుతున్నాడు. చివరికి నేనే, "ఎన్నింటికిరా బస్సు?" అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"నీ మొహం. నీ మొహంలో ఏదీ దాగదు."

సామాను సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. వాడు చొక్కాలు మడత పెట్టకుండా చుట్టలు చుట్టి కుక్కుతాడు. "నొప్పేస్తే చెప్పు," అన్నాను. "నేనెప్పుడూ చెబుతాను," అన్నాడు. "నువ్వు కదా చెప్పాల్సింది." తర్వాత ఇద్దరం అవీ ఇవీ మాట్లాడుకున్నాం. బస్సెక్కే ముందు కావలించుకుంటుంటే ఎవరి భుజం ఎక్కడ పెట్టాలో తెలియక తికమక పడ్డాం. వాడు నా మంచి భుజం మీద, నేను వాడి మంచి భుజం మీద.

జూలై 11

ఇవాళ వచ్చింది ఏడుపు. ఖాళీ వంటింట్లో. కాసేపే.

జూలై 22

ఇండియానా. ఇంట్లో ఉన్నాను. టమాటాలు కాశాయి. కోరిన్ పనిలోకి వెళ్ళాక కంచె బాగుచేస్తున్నాను. సుత్తి కుడిచేత్తో. మావగారు వచ్చి తన పశువుల దాణా కొట్లో ఉద్యోగం ఉందని చెప్పారు. మంచాయన. మంచి ఉద్యోగమే. ఆలోచిస్తానన్నాను.

సాయంత్రం గడ్డి కోసిన పొలంలో పక్కచేత్తో పాత బంతులు విసిరాను, గాదె గోడ కేసి. కోరిన్ వచ్చి కంచె మీద కూర్చుంది.

"ఇది చూడ్డానికి బాగుంది," అంది. "పాతది భయం వేసేది."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

జూలై 25

వాల్ట్ సుండ్‌గార్డ్ అనే ఆయన ఫోన్ చేశాడు. మిన్నెసోటాలో కెటిల్ రివర్ అని చిన్న ఊరు, అక్కడి చిన్న జట్టుకి మేనేజరు. ఏ పెద్ద క్లబ్బుకీ చెందని జట్టు. నా గురించి ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరో క్విలెన్ అట, ఆడమనిషి. ఫోన్లో నన్ను భయపెట్టింది," అన్నాడు.

"అబ్బాయ్, నీతో ఇన్నింగ్సులు వేయించను. ఎడమచేతి బ్యాటర్ ఒక్కడొస్తాడు, వాణ్ణి నువ్వు చూసుకోవాలి. ఒక్కడే. తర్వాత కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమలడమే. కుదురుతుందా?"

కోరిన్ వైపు చూశాను. వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. వెళ్ళమన్నట్టు తల ఊపింది. "సెప్టెంబరులో టమాటాలు నేనే డబ్బాల్లో పెట్టుకుంటాలే," అంది పెదాలతో, చప్పుడు లేకుండా.

"కుదురుతుంది," అన్నాను.

ఆగస్టు 3

కెటిల్ రివర్. కాగితపు మిల్లు వాసన. స్టేడియం అంటే రెండు చెక్క మెట్ల వరసలు, ఒక పక్క నది. నేను అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడ పొద్దున్నే చేప వేయిస్తుంది.

ఇవాళ ఏడో ఇన్నింగ్స్‌లో పిలిచారు. ఎదురుగా ఎడమచేతి బ్యాటర్, ఎత్తుగా, గడ్డంతో. నేను ఒరిగి విసిరాను. బంతి వాడి వీపు వెనక నుంచి వచ్చినట్టు కనపడి ఉంటుంది. వాడు ఒక్క గెంతు వెనక్కి గెంతి కిందపడ్డాడు. బంతి మెల్లగా తిరిగి, కొట్టాల్సిన చోటే, ప్లేటు మీదుగా వెళ్ళింది. అంపైర్ "స్ట్రైక్!" అన్నాడు. మెట్ల మీద జనం గొల్లున నవ్వారు. బ్యాటర్ లేచి దుమ్ము దులుపుకుంటూ, "అదేమిటయ్యా అది?" అని నన్నే అడిగాడు.

మూడో బంతికి చప్పగా నా కాళ్ళ దగ్గరికే కొట్టాడు. తీసి మొదటి బేస్‌కి విసిరాను, వాడు అవుట్. అయిపోయింది. ఒక్కడు. వెళ్ళి కూర్చున్నాను. నా గుండె పదహారేళ్ళ కుర్రాడిలా కొట్టుకుంటోంది.

ఆగస్టు 10

ఇవాళ ఒకడు నది దాకా కొట్టాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు దిబ్బ మీదికి వినపడింది. మ్యాచ్ పోయింది. సుండ్‌గార్డ్ నది వైపు చూశాడు. "మంచి ఈతగాణ్ణి చూడాలి," అన్నాడు, బంతి గురించి.

ఎలాడియో ఫోన్ చేశాడు. వాడూ నిన్న దెబ్బతిన్నాడట. ఎవరి బంతి ఎక్కువ దూరం వెళ్ళిందని పోట్లాడుకున్నాం. నాదే.

ఆగస్టు 17

నిన్నా, మొన్నా వరసగా వేశాను. ఇవాళ ఎనిమిదో ఇన్నింగ్స్, రెండు బేసుల మీద అవతలి జట్టు మనుషులు, ఎడమచేతి బ్యాటర్ వస్తున్నాడు. సుండ్‌గార్డ్ బెంచీ చివరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అబ్బాయ్, వేస్తావా?"

లేవడానికి సగం లేచాను. చెయ్యి కొంచెం తిప్పి చూసుకున్నాను.

"ఇవాళ వద్దు," అన్నాను. "నొప్పిగా ఉంది."

ఎన్నేళ్ళు విసిరానో, ఈ మాట ఎప్పుడూ ఏ మేనేజరుకీ చెప్పలేదు. ఆయన మొహం చూస్తూ ఉన్నాను. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని తల గోక్కున్నాడు.

"సరే," అన్నాడు. "పిట్‌మన్! లే, లే. నువ్వెళ్ళు."

అంతే. మా ఇంకో పిచర్ పిట్‌మన్ గ్లవ్ తీసుకుని పరుగెత్తాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. పక్కవాడు పొద్దుతిరుగుడు గింజల పొట్లం నావైపు జరిపాడు. నది మీదికి పొద్దు వాలుతోంది, మిల్లు పొగ తిన్నగా పైకి లేస్తోంది, ఎడమచేతి బ్యాటర్ కాళ్ళతో మట్టి గీరుతున్నాడు. పిట్‌మన్ మొదటి బంతి పక్కకి పోయింది.

"కిందికి వెయ్యి పిట్‌మన్, కిందికి!" అని అరిచాను, నోటినిండా గింజలతో.